ముందు హెడర్ చదువు, తర్వాత సెట్టింగ్ ముట్టుకో

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పర్లాకిమిడిలో మీ కాలేజీ మెయిల్ సర్వర్ నీకు అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. బ్యాంకు నుంచి వచ్చే ఫీజు రసీదులు జంక్‌లోకి పోతున్నాయనీ, లాటరీ మెయిళ్లు మాత్రం దర్జాగా ఇన్‌బాక్స్‌లోకి వస్తున్నాయనీ రాశావు. ప్రిన్సిపాల్ గారు రోజూ అడుగుతుంటే టెన్షన్‌గానే ఉంటుంది. కానీ ఆ టెన్షన్‌లో, ఎన్ని మార్కులొస్తే మెయిల్‌ని స్పామ్ (చెత్త మెయిల్) అనాలో చెప్పే స్కోర్ పరిమితి 5 నుంచి 8కి పెంచేశానన్నావే, అది వెంటనే వెనక్కి పెట్టు. రసీదులతో పాటు బ్యాంకు పేరు పెట్టుకున్న దొంగ మెయిళ్లూ వచ్చేస్తాయి. ఆఫీసులో ఎవరైనా వాటిలో లింకు నొక్కితే పోయేది పిల్లల ఫీజు డబ్బు.

మీ సర్వర్‌లో స్పామ్‌ని ఏరే ఫిల్టర్ స్పామ్‌అసాసిన్ ఏ మెయిల్‌నీ ఊరికే తోసెయ్యదురా. రూలు రూలుకీ మార్కులేసి, మొత్తం 5కి చేరితే స్పామ్ అంటుంది. ఏయే రూళ్లు తగిలాయో హెడర్‌లో (మెయిల్ పైన మామూలుగా కనపడకుండా ఉండే వివరాల్లో) 'ఎక్స్-స్పామ్-స్టేటస్' అనే లైనులో రాసి పెడుతుంది. తప్పుగా పట్టుబడిన మెయిల్ ఒకటి, తప్పించుకున్నది ఒకటి తీసుకుని ఆ లైను చదువు. ఆఫీసు వాళ్లని ఫార్వర్డ్ చెయ్యమనకు, అసలు హెడర్లు పోతాయి. ఫైలుగా సేవ్ చేసి, అటాచ్ చేసి పంపమను.

అసలు ఆ లైనే లేదనుకో, ఫిల్టర్ ఆ మెయిల్‌ని చూడనే లేదన్నమాట. అప్పుడు రూల్స్ జోలికి పోకుండా, సర్వర్ చేసే పనులు నమోదయ్యే లాగ్ చూడు. మెయిల్‌ని పరీక్షించే ప్రోగ్రామ్ స్పామ్‌డీ ఆగిపోతే, దానికి మెయిల్ అందించే స్పామ్‌సీ ఆ మెయిల్‌ని ఉన్నదున్నట్టు లోపలికి పంపేస్తుంది. మెయిల్ పోదు కాబట్టి అది మంచి ఏర్పాటే, కానీ యూజర్లెవరికీ ఏ ఎర్రరూ కనపడదు. 500 కేబీ దాటిన మెయిళ్లని కూడా మామూలుగా చూడకుండానే వదిలేస్తుంది.

లైనులో 'యూఆర్ఐబీఎల్_బ్లాక్డ్' అని ఉందేమో జాగ్రత్తగా వెతుకు. మెయిల్‌లో లింకులు చెడ్డవని కాదు దాని అర్థం. చెడ్డ లింకుల జాబితా (బ్లాక్‌లిస్టు) నడిపే వాళ్లు నీ సర్వర్ అడిగే ప్రశ్నలకు జవాబివ్వడం మానేశారని. ఆ ప్రశ్నలు డీఎన్ఎస్ (ఇంటర్నెట్‌లో పేర్ల చిరునామాలు వెతికే ఏర్పాటు) ద్వారా వెళ్తాయి. సర్వర్ డీఎన్ఎస్ గూగుల్ వాళ్ల 8.8.8.8కి పెట్టి ఉంటే ఇదే జరుగుతుంది. ఎంతోమంది అదే దారిన అడుగుతారు కనుక ఉచితంగా ఇచ్చే పరిమితి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. సర్వర్ మీదే అన్‌బౌండ్ అనే సొంత డీఎన్ఎస్ ప్రోగ్రామ్ పెట్టుకో. దాన్ని మళ్లీ ఇంకో డీఎన్ఎస్‌కి ఫార్వర్డ్ చెయ్యకు, నేరుగా అడగనీ. లాటరీ మెయిళ్ల విషయంలో నా అనుమానమంతా దీని మీదే.

బేయెస్ అంటే మనం చూపించిన మెయిళ్లను బట్టి స్పామ్‌ని పోల్చుకునే భాగం. రసీదుల మీద 'బేయెస్_99' (దాదాపు ఖాయంగా స్పామ్ అని) పడి ఉంటే నేర్పడంలో తేడా ఉంది. కనీసం 200 స్పామ్, 200 మంచి మెయిళ్లు చూపిస్తే గానీ బేయెస్ పని మొదలుపెట్టదు. చాలామంది రూట్‌గా (సర్వర్ పెద్ద ఖాతాతో) లాగిన్ అయి, మెయిళ్లు చూపించి నేర్పే ఎస్‌ఏ-లెర్న్ ఆదేశం నడుపుతారు. ఫిల్టర్ నడిచేదేమో వేరే యూజర్ పేరున. నేర్పిందంతా రూట్ డేటాబేస్‌లో పడి ఉంటుంది, ఫిల్టర్‌కి ఒక్క అక్షరం అందదు. ఫిల్టర్ ఏ యూజర్‌గా నడుస్తోందో చూసి, ఆ యూజర్‌గానే ఎస్‌ఏ-లెర్న్‌లో 'డంప్ మ్యాజిక్' నడిపి, ఎన్ని మెయిళ్లు నేర్చుకుందో లెక్క చూడు.

మంచి మెయిళ్లంటే ఇంగ్లీషువే ఏరి చూపించకు. మన సరిహద్దు ఊళ్లలో ఒడియా, తెలుగు, ఇంగ్లీషు ఒకే కాగితం మీద ఉంటాయి కదా, అలాంటివీ నేర్పు. మెయిల్ ఏ భాషలో ఉందో పోల్చే టెక్స్ట్‌క్యాట్ ప్లగిన్‌లో ఇంగ్లీషు ఒక్కటే ఒప్పుకొమ్మని నీ ముందువాళ్లెవరైనా రాశారేమో చూసి, ఉంటే తీసెయ్.

రూల్స్ పాతబడనివ్వకు. 2010 జనవరి 1న ఏమైందో తెలుసా? తేదీ మరీ ముందుకెళ్లిపోయిందని పట్టుకునే రూలు ఒకటి 2010నే దూరపు భవిష్యత్తుగా లెక్కేసి, మంచి మెయిళ్లకు కూడా మార్కులేసింది. ఎస్‌ఏ-అప్‌డేట్‌తో కొత్త రూళ్లు తెచ్చుకున్నవాళ్లు బయటపడ్డారు. అప్‌డేట్ అయ్యాక ముందు రూళ్లలో రాత తప్పులు పట్టే లింట్ నడుపు, తప్పులేమీ చూపించకపోతేనే సర్వీస్ రీస్టార్ట్ చెయ్యి.

మార్పు చేసిన ప్రతిసారీ ఆ రెండు ఫైళ్లనే మళ్లీ స్పామ్‌అసాసిన్‌కి ఇచ్చి మార్కులు చూడు. రెండు మార్పులు ఒకేసారి చేశావంటే ఏది పనిచేసిందో తెలియదు. ముందు డీఎన్ఎస్ సంగతి చూడు. ఆ రెండు హెడర్లూ పూర్తిగా, ఏమీ కత్తిరించకుండా నాకు పంపించు.

మావయ్య