ఇంకో నరసింహానికి

చిరంజీవి నరసింహకు,

ఆశీస్సులు. నీ ఉత్తరమూ కథా అందాయి. కథ గురించి రెండు ముక్కలు రాసి, పేరు గురించి మూడు పేజీలు రాశావు. ఈ పేరుతో ఇప్పటికే బోలెడుమంది రాసేశారు, ఇక నన్నెవరు గుర్తుపెట్టుకుంటారు మాస్టారూ అని నీ టెన్షన్. చివర్లో నాలుగు కలం పేర్లు రాసి, ఒకటి ఎంచిపెట్టమన్నావు. చూశాను. రెండు ఆయుర్వేద తైలాల పేర్లలా ఉన్నాయి. మూడోదానికి నిఘంటువు తీయాల్సొచ్చింది. నాలుగోది ఏదో అపార్ట్‌మెంటు గేటు మీద చూసినట్టే గుర్తు.

నీకంటే నలభై ఏళ్ల ముందే ఈ పేరుతో అవస్థ పడ్డవాణ్ని కాబట్టి నా సంగతి ముందు చెబుతాను. 1983లో ఒక వారపత్రికలో నా కథ వచ్చింది. పారితోషికం నలభై రూపాయలు. ఆ మనియార్డరు నా పేరే ఉన్న ఇంకో రచయితకి వెళ్లిపోయింది. ఆయన పాపం మంచివాడు, తిరిగి నాకు పంపాడు, కమిషను మినహాయించుకొని. అది నవ్వుకునే సంగతి. నవ్వుకోలేనిది ఇంకోటుంది. ఒక పెళ్లిలో ఓ పెద్దాయన వచ్చి నా రెండు చేతులూ పట్టుకొని, మీ కథ చదివి రాత్రంతా నిద్రపోలేదండీ అన్నాడు. కథ పేరు చెప్పాడు. అది నాది కాదు, ఆ నలభై రూపాయలాయనది. నేను కాదని చెప్పలేదు. "థాంక్సండీ" అన్నాను. ఆ పూట భోజనం సహించలేదు. ఆ రాత్రే మొదటిసారి కలం పేరు పెట్టుకుందామనుకున్నాను.

ఎందుకు పెట్టుకోలేదో చెప్పాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. హైస్కూల్లో ఉండగా మా ఊరి లైబ్రరీలో పాత పుస్తకాలకి కొత్త అట్టలు వేయించారు. బైండింగ్ చేసినవాడు వీపు మీద సిరాతో పేరు రాసేవాడు, పట్టినంత మేరకే. ఒక లావుపాటి పుస్తకం మీద "నరసింహశాస్త్రి" అని మాత్రం ఉంది. అప్పటికే 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం చదివి పొట్ట పట్టుకొని నవ్వినవాణ్ని. రెండో భాగం కాబోలని ఇంటికి పట్టుకెళ్లాను. తెరిస్తే పార్వతీశం ఊరు మొగలితుర్రు లేదు, అతనెక్కిన ఓడ లేదు. రాజమహేంద్రవరం, రాజరాజ నరేంద్రుడు, నన్నయ! అది నోరి నరసింహశాస్త్రి గారి 'నారాయణభట్టు'. నాకు కావలసింది మొక్కపాటి నరసింహశాస్త్రి గారు. మోసపోయాననుకుంటూనే మూడు రోజులు వదలకుండా చదివాను.

ఇద్దరిదీ ఒకే పేరు, తోక కూడా ఒకటే. దాదాపు ఒకే కాలం మనుషులు. ఒకాయన విలాయతులో చదివొచ్చి, 1924లో ఆ ప్రయాణాన్నే నవ్వులాట చేశాడు. ఇంకొకాయన రేపల్లెలో ప్లీడరీ చేసుకుంటూ, వందల ఏళ్ల కిందటి కవుల వెంట పడ్డాడు: నన్నయ కాలానికి 'నారాయణభట్టు', తిక్కన కాలానికి 'రుద్రమదేవి', ఎర్రన కాలానికి 'మల్లారెడ్డి'. అట్టలు చింపేసి ఏ పేజీ నా చేతికిచ్చినా ఎవరిదో చెప్పేస్తాను. నువ్వూ చెప్పేస్తావు.

ఎలాగంటే, పార్వతీశం టోపీ తీసుకో. మద్రాసులో దొరల టోపీ అనుకుని దొరసానుల టోపీ కొని నెత్తిన పెట్టుకుంటాడు. మొక్కపాటి వారు ఎక్కడా "వీడు అమాయకుడు" అని రాయరు. కథ చెప్పేది పార్వతీశమే, పైగా మహా ధీమాగా చెబుతాడు. తన తెలివికి తనే మురిసిపోతుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఎందుకు నవ్వుతున్నారో అతనికంటే ముందు మనకి తెలిసిపోతుంది. రచయిత ఎక్కడా కనపడడు. ఆ దాక్కోవడమే ఆయన సంతకం అనుకుంటాను నేను.

నోరి వారి దారి వేరు. నన్నయ భారతం అవతారికలో, అంటే ముందుమాట పద్యాల్లో, "పాయక పాకశాసనికి" అనే పద్యం ఉంది. భారత యుద్ధంలో అర్జునుడికి నారాయణుడు తోడున్నట్టు, తన సహాధ్యాయి నారాయణభట్టు తనకి తోడై నిలిచాడని నన్నయ చెప్పుకున్నాడు. చూశావా, కృష్ణుడి పేరూ స్నేహితుడి పేరూ ఒకటే కావడాన్ని ఆదికవి ఎంత చక్కగా వాడుకున్నాడో! ఒకే పేరు ఇద్దరికుంటే ఆయనకది అడ్డం కాలేదు, ఉపమానం అయి కూచుంది. ఆ నారాయణభట్టు ఎవరు, ఎలాంటివాడు, నన్నయ ఎందుకంత మాట అన్నాడు అని నోరి వారు కూచుని ఓ నవల నిలబెట్టారు. నాలుగు పాదాల పద్యంలోంచి మనుషుల్ని లేపడానికి ఎంత ఓపిక కావాలో ఆలోచించు.

ఇక్కడితో అయిపోలేదు మన వంశం. మునిమాణిక్యం నరసింహారావు గారున్నారు. బడిపంతులు. ఓడలూ రాజులూ అక్కర్లేదాయనకి, సొంత వంటింటి గడప చాలు. భార్యాభర్తలు దెబ్బలాడుకుంటే అందులోంచి 'కాంతం కథలు' వచ్చాయి. అంతకుముందు తరంలో ఇద్దరు, రెండేళ్ల తేడాతో పుట్టారు: 1865లో పానుగంటి లక్ష్మీనరసింహారావు గారు, 1867లో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. ఇద్దరూ నాటకాలు రాశారు, ఇద్దరూ నవ్వించారు. అయినా పానుగంటి వారి 'సాక్షి' వ్యాసాల్లో జంఘాలశాస్త్రి అనే పాత్ర ఉపన్యాసం మొదలుపెడితే ఒక్క మాటని పది రకాలుగా తిప్పి, ఊపిరి సలపకుండా వాయిస్తాడు. చిలకమర్తి వారి 'గణపతి' నవల చదువుతుంటే మాత్రం, నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఎక్కడో గొంతులో ఏదో అడ్డం పడుతుంది. పాతకాలపు విమర్శకులు పానుగంటి వారిని ఆంధ్ర షేక్‌స్పియర్ అనీ చిలకమర్తి వారిని ఆంధ్ర మిల్టన్ అనీ అన్నారు. నాకు ఆ బిరుదులంటే చిరాకు. వేరు చేయడానికి ఇంగ్లండు దాకా వెళ్లాలా? ఒక్కో పేరా చదివితే సరిపోదూ?

తెలంగాణ వైపు వస్తే పి.వి. నరసింహారావు గారు. ప్రధానమంత్రి సంగతి పక్కన పెట్టు. విశ్వనాథ వారి 'వేయిపడగలు'ని హిందీలో 'సహస్రఫణ్' చేశారు, 1998లో ఇంగ్లీషులో నవల అచ్చు వేశారు. చాలామందికి తెలియనిది, 1949లో వరంగల్లు నుంచి వచ్చే కాకతీయ పత్రికలో 'గొల్ల రామవ్వ' అని ఒక కథ రాశారు. రజాకార్ల రోజుల్లో ఒక ముసలమ్మ తన గుడిసెలో ఒక విప్లవకారుణ్ని దాచిపెట్టే కథ. దాని కింద నరసింహారావు అని లేదు, "విజయ" అని ఉంది. అంటే నీలాగే కలం పేరు పెట్టుకున్నాడన్నమాట. ఇవాళ ఆ కథని నిలబెడుతున్నది మాత్రం ఆ రెండు పేర్లలో ఏదీ కాదు, రామవ్వే.

కలం పేరు వద్దని శపథం పట్టమనడం లేదు. కిళాంబి వెంకట నరసింహాచార్యులు అంటే ఎవరని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది బిక్కమొహం వేస్తారు. ఆత్రేయ అంటే చాలు. ఆ మాట కోసం ఆయన నిఘంటువు వెతకలేదు, గోత్రం పేరే పెట్టుకున్నాడు. నీకూ అలా ఇంట్లోంచి, ఊళ్లోంచి ఒక పేరు దానంతటదే వచ్చి అతుక్కుంటే కాదనకు. జనం గుంపులో కలిసిపోతానన్న భయంతో మాత్రం పెట్టుకోకు.

ఈ గుంపు ఎలా తయారైందో నీకు నేను చెప్పాలా? కదిరిలో పుట్టినవాడివి, అక్కడి నరసింహస్వామి తేరు లాగినవాడివి. పైన సింహాచలం, గోదావరి సముద్రంలో కలిసేచోట అంతర్వేది, కృష్ణ పక్కన వేదాద్రి, మంగళగిరి, తెలంగాణలో యాదగిరిగుట్ట, ధర్మపురి, నల్లమలలో అహోబిలం. తెలుగువాడు ఏ మూల పుట్టినా దగ్గర్లో ఒక నరసింహస్వామి ఉంటాడు, మొక్కుకోవడానికి ఒక అమ్మమ్మ ఉంటుంది. మన పేరు మనం పెట్టుకున్నది కాదు, తీర్చిన మొక్కు.

అందుకే మనవాళ్లు ఒక తేలిక ఉపాయం ఎప్పుడో కనిపెట్టారు. ఇంటిపేరుతో పిలుచుకోవడం. మొక్కపాటి, నోరి, మునిమాణిక్యం, పానుగంటి, చిలకమర్తి. నువ్వేమో ఇంగ్లీషు పద్ధతిలో ఇంటిపేరుని ఒక అక్షరానికి కుదించి, చుక్క పెట్టి, నరసింహ అని రాస్తున్నావు. ఆ ఒక్క అక్షరంలో నీ ముత్తాతల ఊరంతా నలిగిపోయింది. పూర్తిగా రాయి. ఒకే రకంగా రాయి. ఒకసారి నరసింహ, ఒకసారి నర్సింహ, పండగ సంచికకి నృసింహ అని రాస్తే మనియార్డరు ఎటు పోతుందో నేను పూచీ పడను. ఇప్పుడు బ్యాంకు ఖాతాలోకే వేస్తున్నారట, ఇంకా ప్రమాదం.

ఇక నీ కథ. మూడో పేజీలో అమ్మ బియ్యం డబ్బాలో గ్లాసు ముంచుతుంది. గ్లాసు డబ్బా అడుగుని గీరుకున్న చప్పుడు పక్కగదిలో చదువుకుంటున్న పిల్లాడికి వినబడుతుంది. వాడు పుస్తకంలోంచి తల ఎత్తడు. నేను అక్కడ ఆగిపోయాను. ఆ చప్పుడు ఇంతవరకు నాకు ఏ నరసింహమూ వినిపించలేదు. ఆ వెంటనే "పేదరికం ఎంత కర్కశమైనదో ఆ పసిమనసుకి అర్థమైంది" అని రాశావు. ఆ వాక్యం ఎవరైనా రాస్తారు, నేను కూడా కుర్రతనంలో పదిసార్లు రాశాను. కొట్టెయ్యి. డబ్బా చప్పుడు ఉంచు. చివరి పేజీలో వాన కూడా అక్కర్లేదు. మన కథల్లో ఇప్పటికే చాలా వానలు కురిశాయి, మీ వైపు అసలే తక్కువ.

దిద్దిన ప్రతి ఈ కవర్లోనే పెట్టాను. పెన్సిలు గీతలే, నచ్చనివి చెరిపేసుకో. పుస్తకాలు విడిగా పార్శిల్ చేస్తున్నాను: పార్వతీశం, నారాయణభట్టు, కాంతం కథలు. 'మల్లారెడ్డి' కూడా పంపుదామనుకున్నాను గానీ, ఆరేళ్ల కిందట ఒకాయన చదివిస్తానని పట్టుకెళ్లి ఇంకా ఇవ్వలేదు. ఆయన పేరేమిటో నేను రాయక్కర్లేదనుకుంటాను.

మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ పేరు గలవాడే
నరసింహం