రంగాగారు సోషలిస్టా, కాదా?

ప్రశ్న: మాది వెంకటగిరి దగ్గర పల్లెటూరు. చెన్నైలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నాను. ఆచార్య ఎన్.జి. రంగా సోషలిస్టు నాయకుడని మా తాతయ్య అంటారు. పుస్తకంలో చూస్తే, సోషలిజాన్ని వ్యతిరేకించిన స్వతంత్ర పార్టీకి ఆయనే అధ్యక్షుడు. ఎవరి మాట నమ్మాలండీ? ఆయన ఇక్కడి పచ్చయ్యప్ప కాలేజీలో పనిచేశారట, నిజమేనా?
– ఒక విద్యార్థిని, పెరంబూరు

జవాబు: ముందు చిన్న ప్రశ్న చూద్దాం. నిజమేనమ్మా. 1900లో నిడుబ్రోలు రైతు కుటుంబంలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో ఎకనామిక్స్ చదివొచ్చి, పచ్చయ్యప్పలో ప్రొఫెసరుగా చేశారు. కాకపోతే మీరు చూసే చేట్‌పట్ కాలేజీలో కాదు, అక్కడికి మారింది 1940లో. అంతకుముందు ప్యారిస్ కార్నర్ దగ్గర, ఎస్ప్లనేడులో ఉండేది. 1930లో గాంధీగారి పిలుపుతో ఉద్యమంలోకి దిగారు.

ఇక తాతయ్య మాటా నిజమే, పుస్తకం మాటా నిజమే. ఆ రోజుల్లో ప్రపంచమంతా మాంద్యం, ధాన్యం ధర పడిపోయింది, శిస్తు మాత్రం రూపాయల్లో కట్టాల్సిందే కాబట్టి తగ్గలేదు, అంటే అదే శిస్తు కట్టడానికి రైతు మునుపటికంటే చాలా ఎక్కువ బస్తాలు అమ్ముకోవాలి. చాలదన్నట్టు కృష్ణా, గోదావరి జిల్లాల్లో రీసెటిల్‌మెంటు (శిస్తు రేట్లు మళ్ళీ నిర్ణయించడం) పేరుతో ప్రభుత్వం శిస్తు ఇంకా పెంచాలని చూసింది. ఈ లెక్కని రంగాగారు ఊళ్ళు తిరిగి రైతులకే విప్పి చెప్పారు. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే. నిడుబ్రోలులో రైతు విద్యాలయం పెట్టి రైతుబిడ్డలకి ఆర్థికశాస్త్రం, రాజకీయాలు నేర్పించారు. మీ వెంకటగిరి జమీను రైతుల పోరాటానికి అండగా నిలిచారు. కాంగ్రెసులోని సోషలిస్టులతో కలిసి పనిచేశారు, 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు సహజానంద సరస్వతి అధ్యక్షుడైతే ఈయన ప్రధాన కార్యదర్శి.

1959 జనవరిలో కాంగ్రెసు నాగపూర్ సభలో ఉమ్మడి సహకార సేద్యం, అంటే రైతుల భూములు కలిపి సాగుచేయాలని తీర్మానం చేసింది. రైతు కమతం రైతు చేతిలోంచి పోతుందని రంగాగారు గట్టిగా ఎదురు తిరిగారు. ఆ జూన్‌లో మన మద్రాసులోనే రాజాజీ వాళ్ళతో కలిసి స్వతంత్ర పార్టీ ప్రకటించారు. జమీందారు నుంచి భూమి రైతుకి రావాలన్న మనిషే, వచ్చిన భూమిని ప్రభుత్వం ఉమ్మడిలో కలపకూడదన్నాడు. ఇందులో నాకు మాట మార్చడం కనిపించదు.

నాకు అసంతృప్తి ఉన్నది వేరేచోట. కిసాన్ మజ్దూర్ ప్రజారాజ్యం, అంటే రైతు-కూలీల రాజ్యం అన్నారు గానీ, సెంటు భూమి లేని కూలీకి ఆయన రాజకీయంలో దక్కింది తక్కువే. ఆ కూలీలకి సంఘాలు కట్టే పని పుచ్చలపల్లి సుందరయ్య లాంటి కమ్యూనిస్టులు భుజాన వేసుకున్నారు. రంగాగారి మీద ఎంత గౌరవం ఉన్నా ఈ మాట దాచలేను. ఈసారి ఊరెళ్ళినప్పుడు తాతయ్యని అడగండి, 1948 చట్టంతో జమీందారీ పోయాక మీ ఊళ్ళో పొలాలు ఎవరెవరి పేరున పడ్డాయో, కూలికి వెళ్ళేవాళ్ళలో ఒక్కరికైనా పట్టా వచ్చిందో లేదో. మీ ఎం.ఏ. ప్రాజెక్టుకి అంతకంటే మంచి టాపిక్ నాకు తోచడం లేదు.