రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ కోసం పర్సనల్ లోనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాది చదువుతోంది. మొదటి రెండు సెమిస్టర్లలో 72 శాతం వచ్చింది. ఈ వేసవిలో ఎనిమిది వారాల ‘ఇంటర్నేషనల్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్’ ఇప్పిస్తామని, తన పేరుతో పరిశోధనా పత్రం కూడా వస్తుందని ఒక కన్సల్టెన్సీ వాళ్లు 2.75 లక్షలు అడిగారు. సీటు కోసం 25 వేలు కట్టాను. మిగతా 2.5 లక్షలకు 16 శాతం వడ్డీతో మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకోనా, ఇంకా 14 నెలలున్న 2 లక్షల చీటీ పాడుకోనా? నా జీతం 58 వేలు. ఇంటి లోన్ ఈఎంఐ 13,500, చీటీ వాయిదాతో కలిపి ఇంటి ఖర్చు 34 వేలు. బ్యాంకులో 90 వేలున్నాయి. ఆఫీసు ఇచ్చిన 3 లక్షల ఆరోగ్య బీమా ఉంది. బాబు ఇంటర్ బైపీసీ మొదటి ఏడాది.

జవాబు: రెండూ వద్దు. ముందు లెక్క చూడండి. అన్ని ఖర్చులూ పోను మీకు నెలకు 10,500 మిగులుతోంది. ఆ లోన్‌కి ఈఎంఐ దాదాపు 8,790 పడుతుంది. ఇక మిగిలేది 1,710. నలుగురున్న ఇంట్లో ఒకరికి వారం రోజులు జ్వరమొచ్చినా అది చాలదు. మూడేళ్లలో 2.5 లక్షలకు 3.16 లక్షలు కడతారు. చదువు కోసం చేసే అప్పు అనగానే చాలామంది దాన్ని మంచి అప్పు కింద జమకట్టేస్తారు. డిగ్రీ కోసం బ్యాంకు ఇచ్చే విద్యారుణానికి మారటోరియం (చదువుతున్నంతకాలం ఈఎంఐ కట్టక్కర్లేని గడువు) ఉంటుంది, చదివాక సంపాదించి తీర్చే వీలుంటుంది. వేసవి విహారం లాంటి ఎనిమిది వారాల కోసం తీసుకున్న పర్సనల్ లోన్‌కి ఈఎంఐ వచ్చే నెల నుంచే మొదలవుతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కంగారుపెట్టింది ఆ 90 వేలు. ఈఎంఐతో కలిపి మీ ఇంటికి నెలకు 47,500 కావాలి. అంటే జీతం ఆగితే రెండు నెలలు కూడా గడవదు. ఆరు నెలల అత్యవసర నిధి అంటే 2.85 లక్షలు. పిల్లలు పరిశోధన వైపు వెళ్లే ఇంటికి ఇది అందరికంటే ఎక్కువ అవసరం. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లిన పిల్ల ఇరవై రెండేళ్లకు జీతం తెస్తుంది. బయాలజీలో డిగ్రీ, పీజీ, ఆ తర్వాత ఐదారేళ్ల పీహెచ్‌డీ. నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 ఇస్తారు. అయితే అది ఒకటో తారీకున ఠంచనుగా పడే జీతం కాదు. జాయినింగ్ రిపోర్టు, హాజరు, గైడ్ సంతకం, ఏడాదికోసారి ప్రగతి నివేదిక... వీటిలో ఏ కాగితం ఆలస్యమైనా నెలలు గడిచిపోతాయి. అప్పుడు హాస్టల్ అద్దె ఇంటి నుంచే వెళ్లాలి. ఇంట్లో డబ్బు లేకపోతే మొదట ఆగేది ఆ పిల్ల పీహెచ్‌డీయే.

ఇక ఆ కన్సల్టెన్సీ మాట. పరిశోధనా పత్రం గ్యారంటీ అన్నారంటేనే అనుమానించాలి. ఒక జన్యువును క్లోన్ చేయాలనుకోండి. ప్రైమర్లు (నకలు మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) డిజైన్ చేసి ఆర్డరిస్తే రావడానికే వారం పడుతుంది. తర్వాత పీసీఆర్‌లో ఆ జన్యువు నకళ్లు రావాలి, వాటిని మరో డీఎన్‌ఏకి అతికించే లైగేషన్ జరగాలి, దాన్ని బ్యాక్టీరియాలోకి ఎక్కించే ట్రాన్స్‌ఫర్మేషన్‌లో కాలనీలు రావాలి, డీఎన్‌ఏ వరస చదివే సీక్వెన్సింగ్‌లో సరిపోవాలి. ఏదీ చెడకపోతే ఐదారు వారాలు. కొత్తగా పిపెట్ పట్టిన పిల్ల చేతిలో ఏదో ఒకటి చెడుతుంది, అందులో తప్పేమీ లేదు. ఎనిమిది వారాల్లో డబ్బిస్తే వచ్చే పత్రం డబ్బు తీసుకుని అచ్చేసే జర్నల్లోనే వస్తుంది. దాన్ని చూసి ఏ సెలక్షన్ కమిటీ మురిసిపోదు. ‘అమెరికాలో ఆర్‌ఈయూ సీటు’ అంటే ఇంకా జాగ్రత్త. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో డిగ్రీ విద్యార్థులకు ఇచ్చే ఆ వేసవి పరిశోధన అవకాశం అమెరికా పౌరులకు, అక్కడి శాశ్వత నివాసులకే.

అసలైన అవకాశాల్లో డబ్బు వాళ్లే ఇస్తారు. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఇన్సా (ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ), నాసి (నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఇండియా) కలిసి నడిపే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ రెండు నెలలుంటుంది, స్టైపెండుతో పాటు రైలు ఛార్జీ వస్తుంది. జపాన్‌లోని ఓఐఎస్‌టీ (ఒకినావా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ) తన ఇంటర్న్‌లకు ప్రయాణం, బస, రోజువారీ భత్యం ఇస్తుంది. పోటీ గట్టిగానే ఉంటుంది, అందుకే వాటికి విలువ. మన ప్రభుత్వ సంస్థలు కొన్ని డిసర్టేషన్ (కోర్సులో భాగంగా చేసే ప్రాజెక్టు) విద్యార్థుల దగ్గర ఫీజు తీసుకుంటాయి. అది వెబ్‌సైట్లో రాసి ఉంటుంది, సంస్థ ఖాతాలోనే కట్టాలి. మధ్యలో ఇంకెవరి ఖాతా వచ్చినా వెనక్కి తిరగండి.

ఫెలోషిప్ రాకపోతే అమ్మాయే నేరుగా ల్యాబ్‌లకు మెయిల్ రాయాలి. ‘రెస్పెక్టెడ్ సర్’ అంటూ ఒకే మెయిల్ వందమందికి పంపితే జవాబు రాదు. ఇరవై ల్యాబ్‌లు ఎంచుకుని, ఒక్కో ప్రొఫెసర్ ఇటీవలి పత్రం ఒకటి చదివి, అందులో తనకు ఆసక్తి కలిగించిన విషయమేదో, తను ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు రాగలదో పది వాక్యాల్లో రాయాలి. డిసెంబరు, జనవరిలో పంపాలి, మార్చికల్లా చోట్లు నిండిపోతాయి. కాలేజీ నుంచి బోనఫైడ్, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే లేఖ) ముందే తీసి పెట్టుకోవాలి. దూరం వెళ్లి ఎనిమిది వారాలు ఉండటం కంటే దగ్గరి యూనివర్సిటీ ల్యాబ్‌లో వారానికి రెండు రోజుల చొప్పున ఆరు నెలలు పనిచేయడం మేలు. తన పని దగ్గరుండి చూసిన గురువు రాసిన సిఫారసే తర్వాత అక్కరకొస్తుంది.

ఇంకొకటి, పైసా ఖర్చు లేనిది. కాలేజీలో నాలుగేళ్ల ఆనర్స్ ఉంటే నాలుగో ఏడాది రీసెర్చ్ ప్రాజెక్టు తీసుకోవచ్చు. యూజీసీ నిబంధన ప్రకారం అందుకు మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి. మీ అమ్మాయిది 72. క్రెడిట్లు సమానమనుకుంటే మిగతా నాలుగింటిలో సగటున 76.5 తెచ్చుకోవాలి.

నెలనెలా మిగిలే 10,500లో 6,500 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఆరు నెలల్లో 39,000 అవుతుంది, అది అమ్మాయి వేసవి గదికి, భోజనానికి, ప్రయాణానికి. స్టైపెండు వచ్చేది చేశాకే కాబట్టి డబ్బు ముందే చేతిలో ఉండాలి. స్టైపెండు వచ్చాక తిరిగి అందులోనే వేయండి. మిగతా 4,000 సొంత ఆరోగ్య బీమాకు, మీ పేరిట టర్మ్ పాలసీకి. ఉద్యోగంతో పాటే పోయే 3 లక్షల బీమాను నమ్ముకోవద్దు. చీటీ పాడకండి. తొందరపడి ఎక్కువ తగ్గించుకుని పాడితే నష్టం మీదే. చివరిదాకా ఉంచి, వచ్చిన మొత్తాన్ని 90 వేలతో కలిపితే ఆరు నెలల నిధి ఇంచుమించు తయారవుతుంది. ఆ డబ్బు షేర్లలోకి వెళ్లకూడదు. బంగారం తాకట్టు ఆలోచన వస్తే అదీ వద్దు.

బాబు విషయం ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. ఇంటర్‌లో బోర్డు పరిధిలో మొదటి ఒక్క శాతంలో ఉండి బేసిక్ సైన్స్ డిగ్రీలో చేరితే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌కు అర్హత వస్తుంది. ఏడాదికి 60 వేలు, వేసవి ప్రాజెక్టుకు మరో 20 వేలు, గరిష్ఠంగా ఐదేళ్లు. దరఖాస్తు డిగ్రీ మొదటి ఏడాదిలోనే చేయాలి. అమ్మాయికి ఆ గడువు దాటిపోయింది.

కట్టేసిన 25 వేల గురించి: ల్యాబ్ పేరు, ప్రొఫెసర్ పేరు, ఆ సంస్థ ఇచ్చిన ఆహ్వాన లేఖ పంపమని కన్సల్టెన్సీకి మెయిల్ రాయండి, ఫోన్లో వద్దు. వారంలో రాకపోతే రసీదు జతచేసి రిఫండ్ అడగండి. కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. ఆ 25 వేలు పోతాయేమోనన్న భయంతో మిగతా 2.5 లక్షలు మాత్రం కట్టకండి.