పదిహేను మందితోనే మాట్లాడి చేసిన నర్సింగ్ పరిశోధనను నమ్మవచ్చా?

నమ్మవచ్చు, కానీ అంకెలతో సాగే పరిమాణాత్మక పరిశోధనకు వాడే కొలబద్దతో ఇలాంటి గుణాత్మక పరిశోధనను కొలవకూడదు. మొదటిది ‘ఎంత’ అని అడుగుతుంది, రెండోది ‘ఎందుకు’ అని.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో డయాలసిస్ చేయించుకునేవారినే తీసుకుందాం. ఒక డయాలసిస్‌కూ మరోదానికీ మధ్య ఒంట్లో నీరు చేరి బరువు పెరుగుతుంది. నర్సు సలహాతో ఆ పెరుగుదల తగ్గిందా అన్నది అంకెల ప్రశ్న. తగినంత మంది ఉన్నారా, సలహా ఎవరికి ఇవ్వాలో లాటరీ పద్ధతిలో ఎంచారా, ప్రతిసారీ ఒకే యంత్రం మీద చెప్పులు విప్పించి తూచారా అని చూడాలి.

వద్దన్నా నీళ్లు ఎందుకు తాగుతున్నారన్నది వేరే ప్రశ్న. జీడితోటలో ఎండలో పనిచేసే మనిషి దాహం ఏ తూకానికీ అందదు. ఇక్కడ పదిహేను మందే చాలవచ్చు. కొత్త సంగతులు రావడం ఆగేదాకా మాట్లాడారా అన్నది చూడాలి. అంతకన్నా ముఖ్యం, అడిగింది ఎవరు? డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలను కలిపి చేసిన ఫిస్టులాకు సూది గుచ్చే నర్సే అడిగితే, “మీరు చెప్పినంతే తాగుతున్నానమ్మా” అనే జవాబే ఎక్కువగా వస్తుంది.

తక్కువ మందైతే బలహీనం, ఎక్కువ మందైతే గట్టిది అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. వేలమందిని చేర్చిన అధ్యయనంలో 50 గ్రాముల బరువు తేడాకు కూడా పి-విలువ (నిజానికి ఏ తేడా లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా అంత తేడా కనిపించే అవకాశం) 0.05 కన్నా తక్కువ రావచ్చు, అంటే లెక్కల ప్రకారం అది గట్టి ఫలితంగా కనిపించవచ్చు. రోగికి మాత్రం ఆ తేడా తెలియను కూడా తెలియదు.