ఫ్రిజ్‌కి తాళం వేస్తే పాపమా?

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. ప్రేడర్-విల్లీ సిండ్రోమ్ అని జెనెటిక్ టెస్ట్‌లో తేలింది. ఎంత తిన్నా ఆకలే అంటాడు. రాత్రిళ్లు లేచి ఫ్రిజ్‌లో ఏది ఉంటే అది తినేస్తున్నాడు. ఒకరోజు డబ్బాలో పచ్చి శనగపిండి గుప్పిళ్లతో తింటుంటే చూశాను. వద్దంటే అరుపులు, సామాను విసరడం. దోమ కుట్టిన చోట గిల్లి గిల్లి పుండ్లు చేసుకుంటాడు. మావారు విసుగొచ్చి చెయ్యి చేసుకుంటున్నారు. ఫ్రిజ్‌కి తాళం వేశానని మా అత్తగారు ‘పసివాడి కడుపు మాడుస్తున్నావు’ అని నలుగురి ముందూ అంటున్నారు. నా పెంపకంలోనే లోపం ఉందా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: తాళం తీయకండమ్మా. వీలైతే వంటింటి తలుపుకీ ఒకటి పెట్టించండి.

కడుపు నిండగానే ‘ఇక చాలు’ అన్న కబురు మన మెదడుకు అందుతుంది. మీ బాబుకి అది అందదు. తండ్రి నుంచి వచ్చే 15వ క్రోమోజోములో పనిచేయాల్సిన కొన్ని జన్యువులు పనిచేయకపోవడంతో, మెదడులో ఆకలిని అదుపు చేసే హైపోథాలమస్ అనే భాగం గాడి తప్పుతుంది. కంచం ముందు నుంచి లేచిన పది నిమిషాలకే వాడికి నిజంగానే ఆకలేస్తుంది. అది నటనా కాదు, తిండిపోతుతనమూ కాదు. 15 వేల నుంచి 25 వేల మంది పిల్లల్లో ఒకరికి వచ్చే ఈ సమస్యకూ మీ పెంపకానికీ ఏ సంబంధమూ లేదు. తండ్రి అన్నాను కదా అని నిందను మీవారి మీదకు నెట్టకండి. ఎక్కువ మందిలో ఇది ఎవరి తప్పూ లేకుండా, దానంతటదే జరిగేది. కొన్ని అరుదైన రకాల్లో మాత్రం తర్వాతి బిడ్డకూ వచ్చే అవకాశం ఉంటుంది. కాబట్టి మరో బిడ్డ ఆలోచన ఉంటే ముందే జెనెటిక్ కౌన్సెలింగ్ తీసుకోండి.

ఇక తాళం సంగతి. తిండి చేతికి అందేలా ఉందంటే వాడి బుర్రంతా దాని మీదే ఉంటుంది. ఫ్రిజ్ ఎవరు తీశారు, పై అరలో ఏముంది, అమ్మ స్నానానికి ఎప్పుడు వెళ్తుంది... వాడి టెన్షన్ అదే. ఎంత వెతికినా దొరకదని, టైముకి మాత్రం తప్పకుండా పెడతారని నమ్మకం కుదిరాక ఆ వెతుకులాట తగ్గుతుంది. అందుకే తాళం రోజూ ఉండాలి. ఒక్కరోజు మరిచిపోయారా, ఆ ఒక్కరోజు కోసం మిగతా వారమంతా హ్యాండిల్ లాగి చూస్తాడు.

అయితే తాళం వేసి భోజనం వేళలు గాలికి వదిలేస్తే అది నిజంగా కడుపు మాడ్చడమే. ఈ రోజు ఏం పెడతారో పొద్దున్నే బొమ్మలు గీసి గోడకి అంటించండి. ‘ఒంటిగంటకి అన్నం’ అనకండి, ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేస్తాడు. ‘స్నానం, తర్వాత హోంవర్క్, తర్వాత అన్నం’ అని వరస చెప్పండి. అడిగిందే అడుగుతుంటే మళ్లీ మళ్లీ జవాబు చెప్పకుండా ఆ కాగితం చూపించండి. ఈ పిల్లలకు తోటివాళ్లకంటే తక్కువ క్యాలరీలే సరిపోతాయి. ఎంత పెట్టాలో మీరు అంచనా వేయకండి, డైటీషియన్‌తో లెక్క కట్టించుకోండి.

మీ అత్తగారి మీద నాకు కోపం రావడం లేదు. ఈ పిల్లలు పుట్టినప్పుడు ఒళ్లంతా మెత్తగా వేలాడిపోతూ ఉంటారు, పాలు చప్పరించే శక్తి కూడా ఉండదు. మీ బాబూ అలాగే ఉండి ఉంటాడు. ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పోస్తూ ‘వీడు నాలుగు మెతుకులు తింటే చాలు దేవుడా’ అని మొక్కుకున్న మనిషి, ఇప్పుడు వాడు అడిగి తింటుంటే ఎలా కాదంటుంది? మీరెంత చెప్పినా అది కోడలి మాటే. ఈసారి డాక్టరు దగ్గరకు ఆవిడనీ తీసుకెళ్లి, ఆయన నోటితోనే చెప్పించండి. పండగల విషయం ఆవిడకే అప్పగించండి. వినాయక చవితికి ‘నీకు రెండు ఉండ్రాళ్లు’ అని ముందురోజే నాయనమ్మే వాడికి చెప్పాలి, ఆ రెండే పెట్టాలి. కొంగుచాటు లడ్డూ మాత్రం వద్దు.

మీవారికి చెప్పండి, దెబ్బలతో ఈ ఆకలి పోదు. గొడవ మొదలయ్యాక నీతులూ పనిచేయవు. అనుకున్నది మారితే తట్టుకోలేకపోవడం కూడా ఈ సిండ్రోమ్‌లో భాగమే. విరిగే సామాను పక్కకు తీసి, గొంతు తగ్గించి, ఒకటి రెండు మాటలతో సరిపెట్టి ఆగాలి. ఊరుకోబెట్టడానికి బిస్కెట్ చేతిలో పెడితే, రేపటి గొడవకి మీరే అడ్వాన్స్ ఇచ్చినట్టు.

గిల్లుకోవడాన్ని తిడితే ఎక్కువవుతుంది. గోళ్లు పొట్టిగా కత్తిరించి, పుండుకి కట్టు కట్టి, చేతికి పూసలు గుచ్చడం లాంటి పని ఇవ్వండి. స్కూల్లో మిగతా పిల్లల లంచ్ బాక్సులు తరగతి గదిలో ఉంచొద్దని టీచర్‌ని అడగండి. వీధి చివర కిరాణా కొట్టాయనకీ, ‘మా ఇంట్లో అన్నం పెట్టలేదు’ అని వీడు చెబితే నమ్మే పక్కింటివాళ్లకీ అసలు విషయం చెప్పేయండి. దాచడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

ఎదుగుదలకు ఇచ్చే గ్రోత్ హార్మోన్ గురించి పిల్లల ఎండోక్రైనాలజిస్ట్‌ని (హార్మోన్ల డాక్టరుని) అడగండి, మొదలుపెట్టే ముందు నిద్రలో శ్వాస పరీక్ష చేయిస్తారు. ఈ ఆకలికే అమెరికాలో 2025 మార్చిలో ఒక మందుకు అనుమతి వచ్చింది. దాంతో షుగర్ పెరగవచ్చు, ఒంట్లో నీరు చేరవచ్చు. నెట్‌లో చూసి సొంతంగా తెప్పించకండి. ప్రవర్తన విషయంలో శిక్షణకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్.ఐ.ఈ.పి.ఐ.డి.లో (మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) సంప్రదించవచ్చు.

ఇంకొక్కటి, ఇది కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ కనిపించేలా పెట్టండి. ఈ పిల్లలకు నొప్పి అంతగా తెలియదు, వాంతులు చాలా అరుదు. అందుకని దొంగచాటుగా బాగా తిన్నాక పొట్ట ఉబ్బినా, నొప్పి అన్నా, వాంతి అయినా, ఉన్నట్టుండి అన్నం వద్దన్నా గ్యాస్ అనుకుని వాము నీళ్లు ఇచ్చి కూర్చోకండి. కడుపు చిట్లే ప్రమాదం ఉంటుంది. అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్లి, ముందుగా సిండ్రోమ్ పేరు చెప్పండి.