మాటలు రాని వాళ్ల గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. పసిపిల్లలకీ, చింపాంజీలకీ ఎదుటివాళ్లతో చెప్పుకోవడం, ఆలోచించడం ఎలా అబ్బుతాయో రాద్దామనుకోవడం బాగుంది. వాక్యం ఎక్కడా తడబడలేదు. నా పేచీ ఒక్కటే. నీ వ్యాసంలో పది నెలల పాప తనలో తాను తర్కించుకుంటుంది, చింపాంజీ మనుషుల్ని చూసి జాలిపడుతుంది. మాటలు రాని వాళ్ల మనసులోకి అంత సులువుగా దూరిపోకు. వాళ్లు ఏం చేశారో ముందు రాయి, దాన్నిబట్టి ఎవరు ఏం ఊహించారో తర్వాత రాయి. రెండూ కలిపేస్తే ఏది కంటితో చూసిందో, ఏది అనుకున్నదో చదివేవాడికి తెలియదు.

నెలల పిల్లలకి 'బ', 'ప' శబ్దాల తేడా తెలుస్తుందని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎలా తెలిసిందో చెప్పవేం? అసలు రుచి అక్కడే ఉంది. 1971లో పీటర్ ఐమాస్, ఆయన సహచరులు నెల వయసు, నాలుగు నెలల వయసు పిల్లల నోట్లో పాలపీక పెట్టి, దాన్ని ఒక యంత్రానికి తగిలించారు. గట్టిగా చప్పరిస్తే ఒక శబ్దం వినిపిస్తుంది. కొత్తలో పాప జోరుగా చప్పరిస్తుంది. అదే శబ్దం మళ్లీ మళ్లీ వస్తుంటే విసుగొచ్చి నెమ్మదిస్తుంది. అప్పుడు శబ్దం మారుస్తారు. జోరు మళ్లీ పెరిగితే తేడా పట్టిందన్నమాట. మనకి అందిన సాక్ష్యమల్లా పీక మీద పడ్డ ఒత్తిడి. పైన 'విసుగొచ్చి' అన్నది కూడా నా ఊహే, గమనించావా? ఎంత జాగ్రత్తగా ఉన్నా ఇలా దొర్లిపోతుంది.

1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన పని గురించి కూడా రాయి. ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలోని ఆరు, ఎనిమిది నెలల మధ్య పిల్లలు హిందీలోని ట, త శబ్దాలని విడివిడిగా పట్టారు. ఏడాది నిండేసరికి ఆ వయసు పిల్లల్లో చాలామందికి అది పోయింది. ఎదగడమంటే ఎప్పుడూ కొత్తది కలుపుకుంటూ పోవడమే అనుకునే పాఠకుడు ఇక్కడ కాస్త ఆగుతాడు.

ఇక చింపాంజీలు. సైగల భాష నేర్చిన చింపాంజీల్లో నువ్వు వాషూని ఆకాశానికెత్తి, నిమ్‌ని ఒక్క వాక్యంలో కొట్టిపారేశావు. నన్నడిగితే నిమ్ కథే నీకు ఎక్కువ పనికొస్తుంది. 1973లో హెర్బర్ట్ టెరస్ ఆ చింపాంజీ పిల్లకి సైగల భాష నేర్పించడం మొదలుపెట్టాడు. నిమ్ చాలా సైగలు నేర్చాడు, వాటిని వరసగా చేశాడు. వాక్యాలు కడుతున్నాడనే అందరూ సంబరపడ్డారు. తర్వాత టెరస్ వీడియోలు నిదానంగా చూస్తే, చాలాచోట్ల అంతకుముందే టీచర్ చేసిన సైగనే నిమ్ తిరిగి చేస్తున్నాడని తేలింది. పసిపిల్లల మాటల వరస నెలనెలా పొడుగవుతుంది. నిమ్ సైగల వరస సగటున అలాగే ఉండిపోయింది. అతని అత్యంత పొడవైన 'వాక్యం'లో పదహారు సైగలున్నాయి, కానీ అవన్నీ నారింజపండు ఇవ్వమని అటూ ఇటూ తిప్పి అడిగినవే. 1979లో టెరస్ ఈ సంగతి తనే ప్రచురించాడు. ఏళ్ల తరబడి కష్టపడి కట్టుకున్న నమ్మకాన్ని మనిషి తన వీడియోలు చూసి తనే పడగొట్టడం కంటే మంచి మలుపు నీకెక్కడ దొరుకుతుంది?

అంతమాత్రాన కోతిజాతికి ఏమీ రాదని రాసేస్తే అదో పొరపాటు. కెన్యాలోని అంబోసెలిలో వర్వెట్ కోతులు చిరుతకి ఒక కేక, గద్దకి ఒకటి, పాముకి మరొకటి వేస్తాయి. చిరుత కేక వినగానే చెట్టెక్కుతాయి, గద్ద కేక వింటే పైకి చూస్తాయి, పాము కేకకి రెండు కాళ్ల మీద నిలబడి నేలంతా వెతుకుతాయి. రికార్డు చేసిన కేకలు వినిపించినా అలాగే చేశాయని 1980లో సెయ్‌ఫార్త్, చెనీ, మార్లర్ చూపించారు. పిల్లకోతులు మాత్రం గద్ద కేకని హాని చెయ్యని పక్షులకీ, ఒక్కోసారి గాల్లోంచి రాలే ఆకుకీ వేస్తాయి. పెద్దయ్యేకొద్దీ గురి కుదురుతుంది. ఆ రాలే ఆకు నీ వ్యాసంలో ఉండాల్సింది.

అన్నిటికంటే ఎక్కువ చోటు వేలు చూపించడానికి ఇవ్వు. ఏడాది వయసు దగ్గర్లో పిల్లలు వేలు చూపిస్తారు. కావలసినదాని వైపు చూపించడం ఒకటి. మనుషుల దగ్గర పెరిగిన చింపాంజీలు కూడా తిండి వైపు చెయ్యి చాపి ఆ పని చేస్తాయి. ఏమీ అక్కర్లేకుండా, 'అదిగో చూడు' అన్నట్టు చూపించడం మరొకటి. అది చింపాంజీల్లో చాలా అరుదు. 2004లో ఊల్ఫ్ లిష్కోవ్‌స్కీ, మైకేల్ టొమసెల్లో బృందం ఏడాది పిల్లలతో దీన్ని పరీక్షించింది. పెద్దవాళ్లు పాప వేలు చూపించిన బొమ్మని మాత్రమే చూసి ఊరుకున్నా, పాప మొహంలోకే చూసి మురిసిపోయినా పిల్లలకి సరిపోలేదు. పెద్దవాళ్లు బొమ్మనీ పాపనీ మార్చి మార్చి చూస్తూ సంతోషం కనబరిస్తేనే, తర్వాత తర్వాత కూడా ఎక్కువసార్లు చూపించారు. ఇద్దరూ కలిసి చూడటమే వాళ్లకి కావలసిందని ఆ పరిశోధకులు అర్థం చెప్పుకున్నారు. ఇక్కడ నీ ఊహ అక్కర్లేదు, ప్రయోగాన్ని ఉన్నదున్నట్టు రాస్తే చాలు.

తగువులు దాచకు. రెండు మూడు వారాల పసిపిల్లలు పెద్దవాళ్లని చూసి నాలుక బయటపెడతారని మెల్ట్‌జాఫ్, మూర్ 1977లో ప్రకటించారు, పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కింది. 2016లో 106 మంది పిల్లలతో మరో బృందం పరీక్షిస్తే అలాంటి అనుకరణ కనిపించలేదు. వాదన ఇంకా నడుస్తోంది. నువ్వు 1977 దగ్గరే ఆగిపోయావు.

వీడియోలు దొరికితే ముందు సౌండ్ ఆపేసి చూడు. వెనక మాట్లాడేవాళ్లు ఏం చూడాలో చెప్పేస్తారు, ఆ తర్వాత మన కంటికి ఇంకేదీ ఆనదు. చేతులు, చూపు, ఎంతసేపు ఆగారు, ఎటు తిరిగారు, అన్నీ రాసుకున్నాక సౌండ్ పెట్టుకో.

కంజీ పేరా ఉంచు, కానీ సరిచెయ్యి. చింపాంజీకి దగ్గరి చుట్టమైన ఆ బొనోబోకి, ఒక్కో మాటకి ఒక్కో గుర్తున్న బొమ్మగుర్తుల బోర్డు ఎవరూ కూచోబెట్టి నేర్పలేదు. పెంచిన తల్లికి నేర్పుతుంటే పక్కనుండి పట్టేశాడు, ఆ సంగతి నువ్వు బాగా రాశావు. నోటిమాటతో 660 ఆజ్ఞలిస్తే కంజీ 72 శాతం, ఒక పాప 66 శాతం సరిగ్గా చేశారన్నది కూడా నిజమే. అయితే అప్పటికి కంజీకి ఎనిమిదేళ్లు, పాపకి రెండేళ్లు. ఆ వయసులు లేకుండా ఈ అంకెలు వెయ్యకు. సరిచేసిన ప్రతి వచ్చే నెలలోపు పంపిస్తే తీరిగ్గా చూస్తాను.