చిత్రాన్ని చూపించండి, అసలు ఫైలును మీ దగ్గరే ఉంచుకోండి

ప్రశ్న: నేను డిజిటల్ ఇలస్ట్రేషన్ నేర్చుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో పెట్టిన నా బొమ్మలో మూలనున్న సంతకాన్ని కత్తిరించి, ఎవరో దాన్ని తమదిగా చూపుకున్నారు. ఇకపై బొమ్మలు పెట్టడం మానేయాలా?

జవాబు: మానేయకండి. రాత్రులు కూర్చుని గీసిన బొమ్మ వేరొకరి పేరుతో కనబడితే కలిగే బాధ చిన్నది కాదు. అయినా మీ రంగంలో పని ఇచ్చేవారు ముందుగా అడిగేది పోర్ట్‌ఫోలియోనే కనుక, బొమ్మలను దాచుకుంటే నష్టపోయేది మీరే. తెర మీద కనిపించే దేన్నైనా స్క్రీన్‌షాట్ తీయవచ్చు కాబట్టి, రైట్ క్లిక్ పనిచేయకుండా చేసే ఏర్పాట్లను నమ్ముకోవద్దు. కాపీ చేసినవారికి పనికొచ్చే ఫైలు చిక్కకుండా చూడటం, బొమ్మ మీదేనని నిరూపించగలగడం మాత్రం మీ చేతిలోనే ఉన్నాయి.

6000 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మను అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేస్తే 20 అంగుళాల పోస్టరు వస్తుంది. దాన్నే 1200 పిక్సెళ్లకు తగ్గించి పెడితే ఆ నాణ్యతతో 4 అంగుళాలకు మించి రాదు, ఫోన్‌లో చూసేవారికి మాత్రం పెద్ద తేడా తెలియదు. ఫైలులో డీపీఐ (అంగుళానికి చుక్కలు) అంకెను 72కు మార్చి ఊరుకునే విద్యార్థులను తరచూ చూస్తుంటాను. పిక్సెళ్లు తగ్గనంతవరకు ఆ మార్పు వల్ల ఒరిగేదేమీ లేదు. సంతకాన్ని మూలన కాక, జుట్టు పాయల్లోనో దుస్తుల మడతల్లోనో కలిసిపోయేలా బొమ్మ నడుమ పెట్టండి. దాన్ని తీసేయాలంటే బొమ్మను మళ్లీ గీయాల్సినంత పని పడాలి.

కాపీరైట్‌పై దేశాల మధ్య కుదిరిన 1886 నాటి బెర్న్ ఒప్పందంలో చేరిన దేశాల్లో, ఆ ఒప్పందం ఇచ్చే రక్షణకు రిజిస్ట్రేషన్ షరతు కాదు. బొమ్మ గీసినప్పుడే కాపీరైట్ మీకు దక్కుతుంది. అయితే వివాదం వచ్చినప్పుడు ఆధారాలు కావాలి. చిత్తు గీతలు, లేయర్లు (బొమ్మలోని పొరలు) విడివిడిగా ఉన్న అసలు ఫైలు, గీస్తున్నప్పటి టైమ్‌లాప్స్ (వేగంగా నడిచే) వీడియో కాపీ చేసినవారి దగ్గర ఉండవు కనుక, వాటిని రెండు చోట్ల భద్రపరచండి. ఫైలులో పేరు, సంప్రదింపు వివరాలు చేర్చడమూ మంచిదే కానీ, చాలా సామాజిక మాధ్యమాలు అప్‌లోడ్ సమయంలో వాటిని తొలగిస్తాయి.

ఇప్పుడు జరిగిన దాని విషయంలో, ముందే వ్యాఖ్యల్లో వాదనకు దిగితే వారు పోస్టు తీసేసి ఆధారం లేకుండా చేయవచ్చు. అందువల్ల ముందుగా లింకు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ తర్వాత మీ పాత పోస్టు లింకునూ లేయర్లు కనిపించే చిత్రాన్నీ జతచేసి, ఆ వేదికలోని కాపీరైట్ ఫిర్యాదు ఫారం ద్వారా ఈ రోజే పంపండి.